వైద్యం ఎవరి బాధ్యత? – ఒక అమెరికా తీర్పు, మన ప్రశ్నలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ క్రమశిక్షణ గురించి, తల్లిదండ్రుల త్యాగం గురించి, పోటీ పరీక్షలకు ఎలా చదవాలనే దాని గురించి మంచి వ్యాసాలు వస్తుంటాయి. అవన్నీ చదివే మేము ఇంతవరకు వచ్చాం. ఈసారి కొంచెం వేరే విషయం రాయాలనుకున్నాం. అది అమెరికా సుప్రీంకోర్టు 2012లో ఆరోగ్య బీమా చట్టంపై ఇచ్చిన తీర్పు. “అమెరికా కోర్టుతో మనకేం పని?” అని తమ్ముళ్లు అనుకోవచ్చు. పని ఉంది. ఓపిగ్గా చివరిదాకా చదవండి, మీకే తెలుస్తుంది.

‘మేము’ అంటే ఎవరో ముందు చెప్పాలి. ఈ హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్న నలుగురం. కలం పట్టింది ఒకరే అయినా ఆలోచన నలుగురిదీ. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనుషులం మేమే. వివిధ దేశాల రాజ్యాంగాలను పోల్చి చదవడం మా పేపర్లలో ఒకటి. అందులో భాగంగా ఈ కేసు మా ముందుకు వచ్చింది.

ముందు ఆ చట్టం సంగతి చూద్దాం. అమెరికా ధనిక దేశమే గానీ అక్కడ వైద్యం చాలా ఖరీదు. మంచి ఉద్యోగం ఉన్నవాళ్లకు యజమాని ద్వారా బీమా ఉంటుంది. 65 ఏళ్లు దాటినవారికి మెడికేర్, కొన్ని వర్గాల పేదలకు మెడికెయిడ్ అనే పథకాలు 1965లో వచ్చాయి. ఈ మూడింటిలో దేనికీ అందని వాళ్లు 2009 నాటికి సుమారు 5 కోట్ల మంది. పైగా ముందే జబ్బు ఉన్న మనిషికి బీమా కంపెనీలు పాలసీ ఇవ్వననేవి. బీమా నిజంగా అవసరమైన వాడికే బీమా దొరకదన్నమాట!

2010 మార్చి 23న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన చట్టం ఈ పద్ధతిని నిషేధించింది. జబ్బు ఉన్నా లేకపోయినా పాలసీ ఇవ్వాల్సిందే అన్నది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన ఊళ్లో చీటీ కడతారు కదా. “నాకు డబ్బు అవసరమైన నెలలోనే చేరతాను, మిగతా నెలలు కట్టను” అని అందరూ అంటే ఆ చీటీ నడుస్తుందా? బీమా కూడా అంతే. జబ్బు పడ్డాకే కొనుక్కోవచ్చంటే ఆరోగ్యంగా ఉన్నవాడు ఎందుకు కడతాడు? అందుకని దాదాపు అందరూ బీమా తీసుకోవాలని, తీసుకోని వాళ్లు 2014 నుంచి ఆదాయపు పన్నుతో పాటు కొంత సొమ్ము చెల్లించాలని చట్టంలో పెట్టారు. వివాదమంతా ఇక్కడే మొదలైంది.

సంతకం పెట్టిన రోజే ఫ్లోరిడా మరికొన్ని రాష్ట్రాలతో కలిసి కోర్టుకెక్కింది. చివరికి 26 రాష్ట్రాలు ఒక పక్క చేరాయి. చిన్న వ్యాపారుల సమాఖ్య కూడా వాటితో కలిసింది. 2012 మార్చిలో సుప్రీంకోర్టు వరుసగా మూడు రోజులు, దాదాపు ఆరు గంటలు వాదనలు విన్నది. జూన్ 28న తీర్పు వచ్చింది. కోర్టు ముందున్న ముఖ్యమైన ప్రశ్నలు మూడు.

మొదటిది: బీమా కొనమని పౌరుణ్ని ఆజ్ఞాపించే అధికారం కేంద్రానికి ఉందా? రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం అమెరికా పార్లమెంటుకు, అంటే కాంగ్రెస్‌కు, ఉంది. అది ఎంతవరకు పోతుందో చెప్పే పాత కేసు ఒకటుంది. ఫిల్‌బర్న్ అనే ఒహాయో రైతుకు 11 ఎకరాల చిల్లరలో గోధుమ వేసుకోమని కోటా ఇస్తే ఆయన 23 ఎకరాలు వేశాడు. ఎక్కువ పండింది నా పశువులకూ నా ఇంటికీ వాడుకుంటాను, దీనికీ వాణిజ్యానికీ సంబంధమేమిటి అన్నాడు. అలా ప్రతి రైతూ చేస్తే మార్కెట్ ధర దెబ్బ తింటుంది కనుక నియంత్రించవచ్చని 1942లో కోర్టు చెప్పింది. రైతు కూలీల పిల్లలమైన మాకు ఈ కేసు చప్పున అర్థమైంది.

కానీ 2012లో వాదన వేరు. ఫిల్‌బర్న్ ఏదో ఒకటి చేశాడు, గోధుమ పండించాడు. బీమా కొననివాడు ఏమీ చేయడం లేదు. ఏమీ చేయనివాడిని ‘ఇది చెయ్యి’ అనవచ్చా? అలా అయితే రేపు ఆరోగ్యానికి మంచిదని బ్రోకలీ కొనమని కూడా చట్టం చేస్తారా అని అడిగారు. బ్రోకలీ అంటే మన గోబీ పువ్వు లాంటి ఆకుపచ్చ కూర. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, మరో నలుగురు న్యాయమూర్తులు ఈ వాదనతో ఏకీభవించారు. వాణిజ్య అధికారం కింద ఈ ఆజ్ఞ చెల్లదన్నారు.

న్యాయమూర్తి రూత్ గిన్స్‌బర్గ్ దీనికి చెప్పిన జవాబు మాకు బాగా నచ్చింది. కూర కొనకుండా బతకవచ్చు గానీ వైద్యం అక్కర్లేకుండా ఎవరూ బతకలేరు. ఎప్పుడు అవసరం పడుతుందో ఎవరికీ తెలియదు. 1986 నాటి చట్టం ప్రకారం ప్రాణం మీదికి వచ్చినవాణ్ని అక్కడి ఆసుపత్రులు డబ్బు లేదని తిప్పి పంపకూడదు. ఆ ఖర్చు చివరికి బీమా కడుతున్న వాళ్ల మీద పడుతుంది. 2008లో అలా వసూలు కాని వైద్యం ఖర్చు 4,300 కోట్ల డాలర్లని కాంగ్రెసే లెక్క చెప్పింది. కాబట్టి బీమా లేనివాడు ‘ఏమీ చేయడం లేదు’ అనడం సరికాదని ఆమె వాదన.

రెండో ప్రశ్న: ఆ సొమ్ము జరిమానానా, పన్నా? చట్టంలో ‘జరిమానా’ అనే రాసుంది. పన్ను కట్టకముందే దాని మీద దావా వేయకూడదని 1867 నాటి చట్టం ఒకటుంది. ఆ చట్టం దృష్టిలో ఇది పన్ను కాదు, అందుకే కేసు వినవచ్చు అన్నారు. రాజ్యాంగం దృష్టిలో మాత్రం ఇది పన్నుగానే పని చేస్తోంది, పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌కు ఉంది, అందుకే చెల్లుతుంది అన్నారు. ఒకే తీర్పులో ఒకే సొమ్ము ఒకచోట పన్ను కాదు, మరోచోట పన్ను! దీన్ని చదివి మేము నవ్వుకున్న మాట నిజం. కానీ తేల్చుకోవాల్సింది పేరా, పనా అన్నదే. పేరు ఏదైనా అది చేసే పనిని చూడాలని రాబర్ట్స్ అన్నారు. ఈ విషయంలో ఆయన రెండో పక్క ఉన్న నలుగురితో కలిశారు. 5–4 తేడాతో చట్టం నిలబడింది.

పత్రికల్లో ఎక్కువ చర్చ ఈ రెండు ప్రశ్నల మీదే జరిగింది. మాకు మాత్రం మూడో ప్రశ్నే అసలుదనిపించింది. ఎందుకంటే అది కడు పేదలకు సంబంధించింది.

అంతకుముందు మెడికెయిడ్ పిల్లలకు, గర్భిణులకు, వికలాంగులకు, ఇంకా కొందరికే ఉండేది. పిల్లలు లేని పేద కూలీ ఎంత పేద అయినా చాలా రాష్ట్రాల్లో అది వర్తించేది కాదు. దారిద్ర్యరేఖకు కొంచెం పైదాకా ఉన్న పెద్దలందరికీ ఇవ్వాలని కొత్త చట్టం చెప్పింది. మొదటి మూడేళ్లు ఆ అదనపు ఖర్చంతా కేంద్రానిదే. తర్వాత తగ్గినా 2020 నుంచి 90 శాతం కేంద్రమే భరిస్తుంది. కానీ ఒప్పుకోని రాష్ట్రానికి పాత మెడికెయిడ్ నిధులు కూడా మొత్తం ఆపేయవచ్చు. ఇది ప్రోత్సాహం కాదు, రాష్ట్రం తలకు తుపాకీ గురిపెట్టడం లాంటిదని రాబర్ట్స్ రాశారు. తొమ్మిది మందిలో ఏడుగురు దీన్ని తప్పుబట్టారు. ఫలితంగా కొత్త విస్తరణ రాష్ట్రాల ఇష్టానికి వదిలినట్లయింది.

దాని పర్యవసానం చూడండి. దారిద్ర్యరేఖకు పైన ఉండి బీమా కొనుక్కునే వాళ్లకు చట్టం సబ్సిడీ ఇచ్చింది. రేఖకు కింద ఉన్నవాళ్లకు ఇవ్వలేదు. వాళ్లకు మెడికెయిడ్ వస్తుంది కదా అన్న లెక్కతో రాశారు. తీర్పు తర్వాత కొన్ని రాష్ట్రాలు విస్తరణ వద్దన్నాయి. అక్కడి కడు పేదలకు మెడికెయిడ్ లేదు, సబ్సిడీ కూడా లేదు. కొంచెం పేదవాడికి సాయం దొరికింది. మరీ పేదవాడికి, మరీ పేదవాడు కావడం వల్లనే, దొరకలేదు! 2025 నాటికి 40 రాష్ట్రాలు విస్తరణను ఒప్పుకున్నాయి. టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, అలబామా, మిసిసిపీ వంటి 10 రాష్ట్రాలు ఒప్పుకోలేదు. వీటిలో ఎక్కువ భాగం నల్లజాతి ప్రజలు పెద్ద సంఖ్యలో ఉండే దక్షిణాది రాష్ట్రాలు.

ఈ చోట మా నలుగురిలో పెద్ద వాదన జరిగింది. పేదల నోటి దగ్గర ముద్ద లాగేసిన తీర్పు ఇది అని ఇద్దరం అన్నాం. “కేంద్రం రాష్ట్రాల మెడ మీద కత్తి పెట్టవచ్చని ఒప్పుకుంటే, రేపు ఇంకో ప్రభుత్వం వచ్చి అదే కత్తితో పేదల పథకాలనే కోయమంటే?” అని మిగతా ఇద్దరం అడిగాం. రెండు మాటల్లోనూ నిజం ఉంది. రాత్రి మెస్ మూసేదాకా తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం నలుగురం ఒకటే అనుకున్నాం. కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య అధికారాల పంచాయితీ జరిగేటప్పుడు ఆ పంచాయితీలో లేనివాడే నష్టపోతున్నాడు. మనకిది కొత్త కాదు. మన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఏ వాటా ఎక్కడ ఆగిందో మనకు తెలియదు. తెలిసేదల్లా ఫీజు బాకీ ఉందని కాలేజీవాళ్లు మెమో ఇవ్వకపోవడం. మాలో ఒకరికి డిగ్రీ చివరి ఏడాది అదే జరిగింది.

ఆ చట్టం మీద పోరు అంతటితో ఆగలేదు. 2017లో కాంగ్రెస్ ఆ జరిమానాను 2019 నుంచి సున్నా చేసింది. సున్నా అయినది పన్ను ఎలా అవుతుంది, కనుక చట్టమే చెల్లదని టెక్సాస్ తదితర రాష్ట్రాలు మళ్లీ కోర్టుకు పోయాయి. సున్నా వల్ల మీకు జరిగిన నష్టమేమిటి, దావా వేసే అర్హతే మీకు లేదని 2021లో సుప్రీంకోర్టు 7–2తో కొట్టేసింది. ఇంకోవైపు పాలకులు అడ్డుపడ్డ కొన్ని రాష్ట్రాల్లో ప్రజలే సంతకాలు సేకరించి, ఓటు పెట్టించి మెడికెయిడ్ విస్తరణ తెచ్చుకున్నారు. 2017లో మెయిన్, 2020లో ఓక్లహోమా, మిసౌరీ, 2022లో సౌత్ డకోటా అలా గెలిచాయి. కోర్టు తలుపు మూసిన చోట ప్రజలు వేరే తలుపు తెరిచారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అమెరికాలో వాదనంతా ప్రభుత్వం ఎంతవరకు ‘చేయవచ్చు’ అన్న దాని మీద. వైద్యం ‘చేయించి తీరాలి’ అనే మాట వాళ్ల రాజ్యాంగంలో లేదు. మన రాజ్యాంగంలో ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం బాధ్యత అని 47వ అధికరణ చెబుతుంది. జీవించే హక్కు 21వ అధికరణలో ఉంది. ప్రమాదంలో గాయపడినవాడికి పోలీసు తతంగం కంటే ముందు వైద్యం చేయాలని, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఇదే ధర్మమని 1989లో పరమానంద్ కటారా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడక లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17 వేలు ఖర్చయింది. ఆయన తరఫున వ్యవసాయ కూలీల సంఘమే సుప్రీంకోర్టుకు పోయింది. ఇది 21వ అధికరణ ఉల్లంఘనే అని, డబ్బు లేదనే సాకుతో రాజ్యం తప్పించుకోలేదని 1996లో కోర్టు తీర్పు ఇచ్చి 25 వేల పరిహారం ఇప్పించింది. గమనించండి, ఆ కేసు గెలిచింది మన అమ్మానాన్నల్లాంటి కూలీల సంఘం!

అయితే తీర్పు వచ్చినంత మాత్రాన ఆసుపత్రిలో పడక రాదు. మాలో ఒకరి నాన్నకు ఆపరేషన్ కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో చెల్లి చదువు పోయింది. మనకు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఎన్నో ప్రాణాలు నిలిపింది, మా వాడల్లోనే గుండె ఆపరేషన్లు అయిన పిల్లలున్నారు. కానీ అది పథకంగా వచ్చింది, హక్కుగా రాలేదు. పథకంలో ఏ జబ్బు ఉండాలో, ఏ ఆసుపత్రి ఉండాలో ఒక జీవోతో మారవచ్చు. హక్కును అంత తేలిగ్గా మార్చలేరు. 2023లో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్య హక్కు చట్టం చేసినప్పుడు, ముందుగా డబ్బు కట్టకుండా అత్యవసర వైద్యం అనే అంశం మీద ప్రైవేటు డాక్టర్లు పెద్ద సమ్మె చేశారు. అక్కడా అదే ప్రశ్న: ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా ఎంత మంచి చట్టం రాసినా కాగితం మీదే మిగులుతుంది.

కాబట్టి తమ్ముళ్లారా, ఏ తీర్పు గురించి విన్నా రెండు ప్రశ్నలు వేసుకోండి. అధికారం ఎవరికి ఇచ్చారు? దాని బరువు ఎవరి మీద పడింది? మొదటిది లాయర్లు ఎలాగూ అడుగుతారు. రెండోది అడగాల్సింది మనం. ఆ బరువు మోసిన ఇళ్ల నుంచి వచ్చాం కనుక మనకే అది బాగా కనిపిస్తుంది. మీలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఇంజనీరింగ్‌కు పోండి, సంతోషం. కానీ కొందరైనా లా చదవండి, కొందరైనా ప్రజారోగ్యం చదవండి. అప్పటిదాకా హాస్టల్ గ్రంథాలయంలో ఉన్న భారత రాజ్యాంగం తీసి 21, 47 అధికరణలు చదివి, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు, నాన్నకు మన మాటల్లో చెప్పండి. ప్రమాదం జరిగితే ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని చెప్పండి. రేపు ఎవరైనా ఆసుపత్రి గుమ్మంలో ఆపితే ఏమి అడగాలో వాళ్లకు తెలిసి ఉండాలి.