మన చెంతకు వచ్చిన వైద్యవిద్య

మా ముదినేపల్లికి కొల్లేరు దాటితే ఏలూరు ఒకవైపు, బందరు మరొకవైపు. 2023 సెప్టెంబరు 15న ఈ రెండు పట్టణాలలోనూ ప్రభుత్వ వైద్యకళాశాలలు ఒకేనాడు ప్రారంభమైనాయి. ఒక్కొక్కదానికి 150 సీట్లు. విశాఖపట్నంలో 1923లో వెలసిన ఆంధ్ర వైద్యకళాశాలకు నూరేండ్లు నిండిన సంవత్సరమది. సర్కారు వైద్యవిద్య కొల్లేటి సీమకు చేరడానికి అంతకాలం పట్టింది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కారణం వెదకడానికి ఢిల్లీ, హైదరాబాదుల నుండి నిపుణులు రావలసివచ్చింది. రోగుల రక్తంలో సీసం, నికెల్ జాడలు కనిపించాయన్నారు. మన నీటిని, మన నెత్తురును పరీక్షించే విద్య మన చెంతనే ఉండాలని మాకు ఆనాడే తోచింది.

అయితే రుసుముల సంగతి చెప్పక తప్పదు. 2023 నాటి ఉత్తర్వుల ప్రకారం ఈ కొత్త కళాశాలలలో రాష్ట్రపు వాటా సీట్లలో సగమే సాధారణ రుసుముకు; తక్కినవాటికి ఏటా 12 లక్షలు, 20 లక్షలు. చేపల చెరువు గట్టున కూలి చేసే తండ్రి ఈ లెక్క విని ఏమనుకుంటాడు? సర్కారు అనే మాటకు ఇది తగునా అని మా సందేహం.

మన ఇండ్లలో ముసలమ్మలు గుండెదడను ‘ఘబ్రాహట్’ అంటారు. ఆ మాట ఎరుగని వైద్యుడు అది వట్టి భయమనుకొని ధైర్యం చెప్పి పంపవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన మన విద్యార్థినులు ఆ తరగతులలో కూర్చోవాలని మా కోరిక. వైద్యురాలు ఎదుట ఉంటే తప్ప నోరు విప్పని తల్లులు మన వాడలలో ఇంకా ఉన్నారు.