ఆగ్నేయ మూల వంటిల్లు

అమలాపురంలో సముద్రం వైపు పోయే బస్సెక్కి, చెప్పిన చోట దిగి, కాలవ గట్టు మీద పావుగంట నడిస్తే ఆ బడి వస్తుంది. ఒక పక్క బెంగుళూరు పెంకుల పాత హాలు, ఇంకో పక్క రెండు శ్లాబు గదులు, నడుమ వేపచెట్టు. నేను వెళ్లింది మార్చి మొదటి వారంలో, ఒంటిపూట బడులు పెట్టకముందు. సంచిలో మా మేనల్లుడు ఇచ్చిన అరచేతంత పెట్టె ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడు ఎంతుందో, సన్న ధూళి ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది.

"ఇన్‌స్పెక్షనాండీ?" అన్నారు హెడ్మాస్టరు కుర్చీలోంచి లేస్తూ.

"కాదండీ. గదుల్లో గాలి ఎలా ఉందో చూద్దామని."

"కోనసీమలో గాలికి లోటాండీ!" అని నవ్వి, మూడో తరగతి గదికి తీసుకెళ్లారు.

వేపచెట్టు కింద పెట్టె 425 చూపించింది, అంటే పది లక్షల పాళ్లలో 425 పాళ్లు. గది గుమ్మం దాటగానే అంకె కంటే ముందు ముక్కు చెప్పింది. కొబ్బరినూనె రాసిన తలలు, సుద్దపొడి, చెమట. ఇరవై అడుగుల చదరపు గదిలో ఇరవై ఎనిమిది మంది పిల్లలు. మూడు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. బెల్లు కొట్టి అరగంటే అయింది, అంకె 1,480.

లెక్క వేస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఆ ఈడు పిల్లలు కూర్చుని చదువుకుంటుంటే ఒక్కొక్కరూ గంటకు పది లీటర్ల దాకా ఈ వాయువు వదులుతారు. పదడుగుల ఎత్తున్న ఆ గదిలో పట్టేది సుమారు లక్షా పదమూడు వేల లీటర్ల గాలి. ఎటూ కదలకపోతే గంటలో 2,500 పాళ్లు పెరగాలి. ఏదో సందులోంచి కొంత పోతోంది కాబట్టి అరగంటకు 1,480 దగ్గర ఆగింది. ఈ మోతాదులో ఆ వాయువే పిల్లలను ఏదో చేసేస్తుందని కాదు. ఒకరి ఊపిరి ఇంకొకరు ఎంత పీలుస్తున్నారో దాన్ని బట్టి తెలుస్తుంది, అంతే. జలుబూ దగ్గూ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచేది ఆ దారినే. 1858లోనే మ్యూనిక్‌లో మాక్స్ వాన్ పెట్టెన్‌కోఫర్ అనే ఆయన, గదిలో ఈ వాయువు వెయ్యికి ఒక పాలు దాటితే ఆ గాలి మంచిది కాదని గీత గీశాడు. వెయ్యికి ఒకటంటే మన పెట్టె భాషలో 1,000. నూట అరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ చాలామంది ఆ గీతనే పట్టుకుని మాట్లాడతారు.

"ఫ్యాన్లున్నాయి కదండీ" అన్నారు మాష్టారు. ఈ మాట నేను చాలా బళ్లలో విన్నాను. ఫ్యాను చెమట ఆరుస్తుంది, హాయిగా ఉంటుంది, కాదనను. కానీ బయటి గాలి గుక్కెడు కూడా తేదు. చిలికిన మజ్జిగే మళ్లీ చిలకడం దాని పని.

మరి కిటికీలు? నాలుగున్నాయి. ఉత్తరాన రెండు రోడ్డు వైపు. కొబ్బరికాయల లారీలు పోతుంటే పాఠం వినపడదని మూశారు. దక్షిణాన ఉన్న రెంటికీ ఒక్కో రెక్కే తెరిచి ఉంది. పైన, శ్లాబుకు జానెడు కింద, నాలుగు వెంటిలేటర్లు. వాటిలో పావురాలు గూళ్లు పెట్టి పుస్తకాల మీద రెట్టలు వేస్తున్నాయని అట్టముక్కలు కుక్కారు. దేని కారణం దానికుంది, ఒక్కటీ తప్పని చెప్పలేం. అన్నీ కలిసేసరికి గది సీసా అయి కూర్చుంది.

పాత హాల్లోకి వెళ్లాను. అక్కడ ఒకటీ రెండూ తరగతులు కలిపి ముప్పై ఒక్క మంది. ఫ్యాన్లు రెండే, అందులో ఒకటి తిరగడం లేదు. పెట్టె 640 దగ్గర నిలబడింది. తల పైకెత్తితే సంగతి తెలిసిపోతుంది. నడికప్పు పద్దెనిమిది అడుగుల ఎత్తున ఉంది. పిల్లల ఒంటి వేడికి తేలికైన గాలి పైకెక్కి పెంకుల సందుల్లోంచి జారుకుంటుంది, దాని ఖాళీలోకి కిందనున్న కిటికీల్లోంచి కొత్త గాలి వస్తుంది. శ్లాబు గదిలో వెంటిలేటర్లు చెయ్యవలసిన పనీ ఇదే. అలాగని పెంకుటి కప్పును పొగడబోవడం లేదు. వానాకాలం ఆ హాల్లో మూడు చోట్ల బకెట్లు పెడతారట. కిందటేడు దూలం మీంచి తేలొకటి రెండో తరగతి పలకల మధ్య పడిందట. తల్లిదండ్రులకు శ్లాబే కావాలి. నా పిల్లలైతే నేనూ అదే అడుగుతాను.

మాష్టారికి పట్టుదల వచ్చింది. మామిడికాయలు కోసే దోటి తెప్పించి, వెంటిలేటర్లలోని అట్టముక్కలను తనే పొడిచారు. అట్టతో పాటు గడ్డి, ఈకలు, ఎండిపోయిన గుడ్డు పెంకులు జలజలా రాలాయి. పిల్లల కేకలకు పక్క గది టీచరమ్మ పరుగెత్తుకొచ్చారు. రోడ్డు వైపు ఒక కిటికీ, దక్షిణపు కిటికీలు రెండూ బార్లా తీశాం. పది నిమిషాల్లో అంకె 700కి దిగింది. "పావురాలకి వలేసి బిగించేద్దాం, అట్టెందుకు!" అన్నారు మాష్టారు, గెలిచిన మనిషిలా.

ఆ గెలుపు పదకొండింటి దాకే నిలిచింది.

వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయ మూలన ఉండాలి, ఈ బడిలోనూ అలాగే కట్టారు. కానీ కోనసీమకు సముద్రం ఉన్నదీ ఆ మూలే. ఎండెక్కితే గాలి వచ్చేదీ అటునుంచే. ఈ శాస్త్రం రాసినవారెవరో తీరాన కాపురం చేసినట్టు లేదు. ఆ రోజు గ్యాస్ బండ అయిపోయి, వంటమ్మ కొబ్బరి మట్టలు ముట్టించింది. సముద్రపు గాలి లేచింది, పొగ దక్షిణపు కిటికీల్లోంచి తిన్నగా గదిలోకి వచ్చింది. ఇప్పుడు రెండో అంకె చూశాను. పొద్దున 34 ఉన్న సన్న ధూళి 190 అయింది. రోజు మొత్తానికి సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం పెట్టుకున్న హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కి బిగించింది. ముందు వరసలో ఒక పిల్ల కళ్లు నులుముకుంటోంది.

గబగబా దక్షిణపు కిటికీలు వేసేశాం. ఉత్తరపు కిటికీ, వెంటిలేటర్లు అలాగే ఉంచాం. ధూళి మెల్లగా దిగింది, మొదటి అంకె మెల్లగా ఎక్కి 950 దగ్గర తచ్చాడింది. వంట అయ్యేదాకా దానితో సర్దుకోవచ్చు.

"మట్టలు పచ్చివండీ, అందుకే ఇంత పొగ" అంది వంటమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. అందరికంటే ఎక్కువ పొగ తాగేది ఆవిడే. నా పెట్టె ఆవిడ పొయ్యి దగ్గరికి పోలేదు, పోవలసింది. మాష్టారు ఆవిడతో ఒక ఒప్పందం చేసుకున్నారు: పొయ్యి ముట్టించే ముందు ఒక కేక, ఆర్పాక ఒక కేక.

ఈలోగా పిల్లలు పెట్టె చుట్టూ మూగారు. ఒక్కొక్కరే దాని మీద ఊదడం, అంకె పరుగెత్తడం, నవ్వులు. వదిలిన ఊపిరిలో ఈ వాయువు నూటికి నాలుగు పాళ్లుంటుంది, అంటే 40,000. పెట్టె 5,000 దాటి లెక్కపెట్టలేక గీతలు చూపించి ఊరుకుంది. "చచ్చిపోయిందాండీ?" అనడిగాడు ఒకడు. బయటికి తీసుకెళ్లి చెట్టు కింద పెడితే కాసేపటికి తేరుకుంది.

పన్నెండు కావస్తుండగా వంటింటి వైపు నుంచి కేక వినిపించింది: "తీసుకోవచ్చండోయ్!" మాష్టారు బోర్డు మీద లెక్క రాస్తూనే ఉన్నారు. దక్షిణపు గోడ పక్కన కూర్చున్న కుర్రాడు బల్లెక్కి గడియ లాగాడు.