ఇసుక గింజ ఊరేది?

నేను హెడ్మాస్టరుగా పనిచేసి విరమించినవాణ్ణి. ఎందరికో పాఠాలు చెప్పాను గాని, ఒక కుర్రవాడికి మాత్రం జవాబు బాకీ పడ్డాను.

విజయవాడలో కొత్తగా పంతులుగా చేరిన రోజుల్లో, ఒక వేసవి సాయంత్రం పిల్లల్ని ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీదికి తీసుకువెళ్ళాను. ఒక కుర్రవాడు గుప్పెడు ఇసుక తెచ్చి, "మాస్టారూ, ఈ నల్ల గింజలేమిటండీ?" అని అడిగాడు.

"మురికిరా, దులిపెయ్" అన్నాను.

మర్నాడు వాడు బడికి ఆ ఇసుకా, ఒక సూదంటురాయీ తెచ్చాడు. రాయిని ఇసుకలో తిప్పేసరికి నల్ల గింజలు దానికి మీసాల్లా అంటుకున్నాయి. "మురికైతే అంటుకోదు కదండీ! మరి ఇవి ఎక్కడివి?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, "కూచోరా!" అని కసిరాను. ఆ ఏడాదంతా వాడు మళ్ళీ నన్నేమీ అడగలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ నల్ల గింజలు మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుట్టి, దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. అక్కడి పడమటి కనుమలు సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పొంగిన లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాయి. ఆ రాతిలో మాగ్నటైట్ ఉంటుంది. వానలకు ఆ రాయి అరిగి, నదిలో కొట్టుకువస్తుంది. మన డెల్టా నల్లరేగడిలోనూ ఆ కొండల పొడి ఉంది.

ఇంద్రకీలాద్రి రాయి వేరు. అందులో గార్నెట్ అనే ఎర్రని గింజలుంటాయి. ఆ రాయి తయారైంది భూమిలో 20 కిలోమీటర్లకు పైగా లోతున! అది ఇవాళ మన కంటికి కనిపిస్తున్నదంటే, అడుగు రాయి పైకి లేచిందనీ, దాని మీద ఉన్న రాయంతా అరిగిపోయిందనీ అర్థం.

నది తెచ్చిన ఒండ్రు డెల్టాలో పొర మీద పొరగా పడుతుంది. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. శాస్త్రజ్ఞులు లోతుగా బోరు వేసి, ఒక్కొక్క పొరలో ఏయే గింజలున్నాయో చూస్తారు. పాత పొరల్లో లేని గింజ ఒక పొరలో కొత్తగా కనిపిస్తే, ఆ కాలానికి ఎగువన ఒక కొత్త రాయి బయటపడి అరగసాగిందని ఊహిస్తారు. ఆ విధంగా కొండ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు అరిగిందో ఇసుకే చెబుతుంది.

ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఈ పత్రికను తన పిల్లలకు చదివి వినిపిస్తున్నాడేమో! అయితే, నాయనా, ఇదే నీ ప్రశ్నకు నా జవాబు. ఆలస్యమైనందుకు నన్ను మన్నించు.