మా యింటి సర్వరు మూడు దినములు మూతపడుట

మా యింటి ముందుగదిలో, పుస్తకముల బీరువా ప్రక్కనున్న మూలను, ఒక పాత కంప్యూటరు రేయింబవళ్లు నడచుచుండును. దానికి తెర లేదు, మీటల పలక లేదు. నల్లని పెట్టె, వెనుక రెండు తీగెలు, లోపల నొక పంకా, ఇంతియే. పని చేయుచున్నట్లు కనబడదు గాని నెలనెల కరెంటు తినుచుండును గనుక మా యింటివారు దానికి ఇల్లరికపుటల్లుడని పేరు పెట్టినారు. వేసవిలో దానిమీద తడిగుడ్డ వేయుదమా యని ఒకనాడామె అడిగినప్పుడు మేము నవ్వితిమి గాని, అనంతపురపు మే నెల యెండ నెరిగినవారు ఆ ప్రశ్నను తప్పుపట్టరు.

ఇట్టి పెట్టెను సర్వరందురు. ఫోనుగాని మరియొక కంప్యూటరుగాని అడిగినప్పుడు, తనలో దాచియున్న దానిని తీసి అందించుట దాని పని. మా పెట్టెలో నడచునది లినక్సు. దానిని 1991లో ఫిన్లాండు దేశమున విద్యార్థిగానుండిన లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. దానిమీద, 2016లో పుట్టిన నెక్స్ట్‌క్లౌడ్ అను ప్రోగ్రామును నిలిపి, అందులో ఫోటోలు, పాఠములు, లెక్కలు దాచుకొనుచున్నాము. మేము ఇంజనీర్లము కాము. శిక్షణ కళాశాలలో మాకు నల్లబల్లమీద వరుస తప్పక వ్రాయుట నేర్పిరి. ఈ విద్యను మాత్రము పుస్తకములు చూచియు, తప్పులు చేసియు నేర్చుకొంటిమి. తప్పులు చేసియే హెచ్చుగా.

ఆ పెట్టెలో నొక అరయందు 58 కంఠధ్వనులున్నవి. మా తొమ్మిదవ తరగతి పిల్లలు, ఇండ్లలోని అవ్వలను తాతలను కరవు కాలమునుగూర్చి అడిగి, వారు చెప్పినదానిని తండ్రుల ఫోన్లలో పట్టి తెచ్చిరి. 1952 నాటి కరవులో గంజికేంద్రముల యెదుట బారులు తీరుట, ఏటి యిసుకలో చెలమలు త్రవ్వి రాత్రివేళ నీరు తోడుట, పశువులను తోలుకొని మేతకై దూరదేశములు పోవుట మొదలగునవి వారి మాటలలోనే అందున్నవి. ఫోన్లలో చోటు చాలక తండ్రులు తమ ప్రతులను తుడిచివేసిరి. ఇక లోకమునందు ఆ ధ్వనులకు మిగిలిన చోటు మా యింటి మూల యొక్కటే. ఇది మాకు తెలిసియు, రెండవ ప్రతి చేయక "రేపు, ఎల్లుండి" యని జాగుచేసితిమి. పిల్లలు ఇంటిపని తేనప్పుడు చెప్పు మాటయు నిదియే గదా.

2025 మే నెలలో ఒక బుధవారము రాత్రి, పెట్టెలోని డిస్కు వింతగా టకటక మనుటచే, క్రొత్త డిస్కు తెచ్చి పాతదానిలోని సరకునంతయు దానికి మార్చితిమి. అంతటితో ఊరకుండక, ఎట్లును యంత్రము విప్పితిమి గదా యని అదే రాత్రి నెక్స్ట్‌క్లౌడును క్రొత్త రూపమునకు మార్చుటకును పూనుకొంటిమి. ఒక రాత్రి రెండు మార్పులు చేసినవానికి, తెల్లవారి తప్పు కనబడినచో, అది దేనివలన కలిగినదో తెలియదు. సామాన్యశాస్త్రపు ప్రయోగశాలలో ఒక పర్యాయము ఒక్క అంశమునే మార్చవలెనని ఇరువదియేండ్లుగా చెప్పుచున్నది మేమే.

గురువారము మధ్యాహ్నము తలుపు చప్పుడైనది. చూడగా మా తరగతి పిల్లవాడు, చెప్పులు చేతపట్టుకొని నీడలో నిలిచియుండెను. వాని అవ్వ ఆ వారమే కాలము చేసినదట. ఆదివారము దినము. బంధువులందరు చేరుదురు; ఆమె మాటలు ఆనాడు వినిపింపవలెనని వాని తండ్రి కోరిక. "మీ కాడ ఉందని చెప్పినా సార్" అనెను. ఉన్నదని మేమును చెప్పితిమి. పిమ్మట పేజీ తెరువబోగా తెరచుకొనలేదు. సాయంకాలమునకు రమ్మని వానిని పంపితిమి. సాయంకాలము వచ్చెను. రేపు రమ్మంటిమి.

ఆ రాత్రి మేము చేసిన పనులలో చెప్పుకొనదగినవి రెండు, రెండును సిగ్గుపడదగినవే. మొదటిది, ఎవరో వ్రాసిన సలహా చూచి, అరలోని సమస్తమునకు 777 అను అనుమతి నిచ్చితిమి. లినక్సులో ప్రతి దస్త్రమునకును అనుమతులు మూడు తెగలవారికి వేరువేరుగా నుండును: దాని యజమానికి, అతని జట్టువారికి, ఇతరులకు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. అర విషయమున ఈ 1 లోపల ప్రవేశించుటకు. మూడును కలిపిన 7. కాబట్టి 750 యనగా యజమానికి సర్వము, జట్టువారికి చూచుటయు ప్రవేశించుటయు మాత్రము, ఇతరులకు ఏమియు లేదు. 777 యనగా అందరికిని సర్వము. మన చెరువుల క్రింది గ్రామములలో తూము తెరచు పని నీరుగంటి దొకనిదే యని పెద్దలెరుగుదురు. 14వ శతాబ్దమునుండి నిలిచియున్న బుక్కరాయసముద్రపు చెరువు కట్టమీద నిలిచి, ఏ మడికి నీరందలేదో విచారింపక, తూము తాళపుచెవి దారిన పోవువారికెల్ల పంచిపెట్టిన రీతిగానుండెను మా పని. పోనీ దానివలన నీరైనను పారెనా యనిన, అదియు లేదు. పేజీ తెరచుకొనలేదు.

రెండవది యింకను ఘోరము. "పాత అరను సమూలముగా తుడిచివేసి క్రొత్తగా స్థాపింపుడు" అని మరియొక సలహా కనబడెను. రాత్రి పదకొండు దాటినది. ఆ ఆజ్ఞను టైపు చేసితిమి కూడ. మంచినీళ్లు తెచ్చిన మా యింటివారు మా భుజముమీదుగా చూచి, "ఆ పిల్లవాని అవ్వ అందులోనే ఉన్నది గదా?" అని అడిగిరి. ఆమెకు ఆంగ్లపు ఆజ్ఞలు రావు. మేము చేయి వెనుకకు తీసికొంటిమి. పాత డిస్కులో ప్రతి యున్నదిలే యను ధైర్యముతో దానిని తగిలించి చూడగా, అది నాలుగుమారులు టక్కుమని, తరువాత మాటాడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని వ్రాయనక్కరలేదు.

శుక్రవారము సాయంకాలము, బెంగుళూరులో ఇట్టి యంత్రములను కనిపెట్టియుండు ఉద్యోగము చేయుచున్న మా పూర్వవిద్యార్థికి ఫోను చేసితిమి. ఎనిమిదవ తరగతిలో, ప్రశ్న పూర్తిగా చదువకయే జవాబు వ్రాయునని మేము పలుమారు మందలించినవాడు. మేము కథ యారంభించి అయిదు నిమిషములు చెప్పిన పిదప అతడు మెల్లగా, "అదంతా సరే సార్, లాగులో ఏమని వ్రాసియున్నది? పూర్తిగా చదవండి" అనెను. లాగనగా యంత్రము తాను చేసినదానిని, చేయలేనిదానిని వరుసగా వ్రాసికొను దినచర్య. రెండు దినములుగా మేము దానిని తెరచియే చూడలేదు. ఫోనులో, పాఠము ఒప్పజెప్పు పిల్లవానివలె, వరుస తప్పక చదివితిమి.

అందు మొదటి సంగతి స్పష్టముగానే యుండెను: 28వ రూపమునుండి 31వ రూపమునకు ఎక్కుట కుదరదు, ఒక పర్యాయమునకు ఒక్క ప్రధాన సంఖ్య మాత్రమే. ఇచ్చట కంటెయినరనగానేమో చెప్పవలెను. 2013లో బయటికి వచ్చిన డాకర్ అను సాధనము, ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సామగ్రితోకూడ ఒకే మూటగా కట్టి, తక్కిన యంత్రముతో కలియనీయక నడుపును. ఆ మూటయే కంటెయినరు. క్రొత్త రూపము వచ్చినప్పుడు పాత మూటను విప్పి బాగుచేయరు. పారవైచి క్రొత్తది తెచ్చుకొందురు. మనము దాచుకొన్న దస్త్రములు మూటలో నుండవు. వెలుపల డిస్కుమీది అరలో నుండును. గంప మారును గాని గాదె మారదు. మేము గంప పేరు వ్రాయవలసినచోట సంఖ్య వేయక, "లేటెస్టు" అని వ్రాసియుంటిమి. అనగా నేటి రూపమేదో అదియే తెమ్మని. ఏడాదికి పైగా మార్పక యుండి ఒక్కమారు మార్చుటచే, ఎనిమిదవ తరగతి బాలుని పదునొకండవ తరగతిలో కూర్చుండబెట్టినట్లయ్యెను. నెక్స్ట్‌క్లౌడు అంగీకరింపక ఆగిపోవుట, ఆగినప్పుడెల్ల మరల లేపుమని మేమే వ్రాసియుండుటచే డాకర్ దానిని లేపుట, అది మరల ఆగుట. రెండు దినములు పెట్టెలో జరిగినది ఇదియే.

"ముందు ఆ పిల్లవాని ఫైలు బయటికి తీయండి సార్" అని అతడనెను. పేజీ తెరచుకొనకపోయినను గాదెలోని గింజలు గాదెలోనే యున్నవి. యంత్రపు సర్వాధికారిగా లోపలికి పోయి తీయవచ్చును. ఈ చిన్న యుపాయము మాకేల తోచలేదో నేటికిని తెలియదు. హాజరు సంఖ్యలవారీగా అరలుంచియుండుటచే వాని అవ్వ ధ్వని వెంటనే దొరకెను. తక్కిన 57ను కూడ పెన్‌డ్రైవులోనికి ఎక్కించిన తరువాతనే అతడు మమ్ము ముందుకు పోనిచ్చెను.

"లేటెస్టు" తీసి 29 అని వ్రాసితిమి. ఈమారు వేరొక సంగతి వచ్చినది: ఆకృతి దస్త్రమునకు యజమాని యెవరో వారే ఈ పని చేయవలెను, ఇప్పుడు చేయుచున్నవాని సంఖ్య 33, యజమాని సంఖ్య 0. అతడు ఫోనులో నవ్వుట వినబడెను. "బుధవారము ఏ ఆజ్ఞతో కాపీ చేసినారు సార్?" అని యడిగెను.

లినక్సు మనుష్యులను పేర్లతో గుర్తింపదు, సంఖ్యలతో గుర్తించును. పేరు మన సౌకర్యమునకు ఒక పట్టికలో వ్రాసికొన్నది మాత్రమే. కంటెయినరు లోపలి పట్టిక వేరు, వెలుపలి పట్టిక వేరు. ఆ సరిహద్దు దాటి పోవునది సంఖ్య యొక్కటే. దత్తమండలములలో 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగానుండిన తామస్ మన్రో పొలములను కొలిపించి సంఖ్యలు వేయించిన సంగతి మా చరిత్ర పాఠములో నున్నది. అది మొదలు మన రైతు తన పొలమును "మర్రిచెట్టు చేను" అనిన ననవచ్చును గాని కచ్చేరిలో చెల్లునది సర్వే నంబరే. మా మూటలో నెక్స్ట్‌క్లౌడు పేరట పనిచేయు సేవకుని సంఖ్య 33. దస్త్రములన్నియు మొదట అతనివే. మేము బుధవారము సర్వాధికారి హోదాతో కాపీ చేయునప్పుడు, యజమానుల సంఖ్యలను ఉన్నవున్నట్లు నిలుపు "ఏ" అను అక్షరము చేర్పక, ఊరక "ఆర్" అను అక్షరముతో చేసితిమి. కాపీ చేసినవాడే క్రొత్త ప్రతికి యజమాని యగును గనుక, సమస్తము 0వ నంబరు, అనగా రూట్ అను సర్వాధికారి, పేరట పడినది. పట్టా మారిపోయినది. 33వ నంబరువాడు తన యింటి గడపలోనే పరాయివాడైనాడు. 777 వలన ఏల ప్రయోజనము లేకపోయెనో ఇప్పుడు తెలిసినది. అచ్చట అడుగుచున్నది "తలుపు తెరచియున్నదా?" అని కాదు, "ఇల్లు ఎవరిది?" అని.

మందు ఒక్క పంక్తి: అరలోని సమస్తమునకు యజమాని 33 అని మార్చు "చోన్" ఆజ్ఞ. తరువాత మేము విచ్చలవిడిగా తెరచిన తలుపులను మరల మూయుట. అరలకు 750, దస్త్రములకు 640. డేటా అర ఇతరులకు కనబడరాదని నెక్స్ట్‌క్లౌడు నియమము కూడ. 29 లేచినది. దానిని నిదానముగా కూర్చుండనిచ్చి 30, తరువాత 31. నడుమ కరెంటు పోయెను గాని ఇన్వర్టరు కాచినది. శనివారము తెల్లవారుజామున రెండున్నరకు పేజీ తెరచుకొన్నప్పుడు, బెంగుళూరువాడు అప్పటికే నిద్రపోయియుండెను. ఏ సంఖ్య తరువాత ఏ సంఖ్యయో కాగితముమీద వ్రాసి, ఒక్కొక్క మెట్టునకు ముందు ప్రతి తీసికొనుమని మరిమరి చెప్పి పడుకొనెను. మేము చెప్పినట్లే చేసితిమి.

ఇప్పుడా 58 ధ్వనులు మూడు చోట్ల నున్నవి: పెట్టెలో, మా బీరువాలోని వేరొక డిస్కులో, పాఠశాల కార్యాలయపు ఇనుప పెట్టెలోనున్న పెన్‌డ్రైవులో. నెలకొకమారు వానిలో నొకటి తీసి వినుచున్నాము. ప్రతి యున్నదనుట వేరు, అది పలుకుననుట వేరు.

శనివారము ఉదయము పిల్లవాడు వచ్చెను. వాని ధ్వనిని ముందుగదిలోనే వినిపించితిమి. అవ్వ ఏటిలో చెలమ త్రవ్వి, చిప్పతో నీరు తోడి, కడవ నిండుటకు తెల్లవారువరకు కూర్చున్న సంగతి చెప్పుచు చెప్పుచు, నడుమ ఆగి, పెరటిలో ఆరబోసిన చెనక్కాయలమీదికి వచ్చిన మేకను గట్టిగా తిట్టినది. మేక పోయిన పిదప కథ ఎక్కడ విడిచెనో మరచి, మరల చెలమ త్రవ్వుట మొదలుకొని చెప్పినది. సభలో వినిపించునది గదా, ఆ తిట్లభాగమును కోసి యిత్తునా యని మేమడిగితిమి.

"వద్దు సార్, అది ఉండనీండి" అనెను.

రెండు పెన్‌డ్రైవులలో వేసి యిచ్చితిమి. ఒకటి వాని జేబులో, మరియొకటి వాని తండ్రికి.