కోడలి ఆదివారం

నాలాంటి ఇల్లాళ్లు కంప్యూటర్లో తెలుగు రాస్తున్నారంటే అందులో సగం పుణ్యం లేఖినిది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేస్తుంది. 2006లో వీవెన్ గారు తయారు చేశారు. ఏ ఆఫీసూ జీతమిచ్చి చెయ్యమన్న పని కాదది, తెలుగు మీద ఇష్టంతో చేసుకున్నది. ఇలాంటివాటిని సాఫ్ట్‌వేర్ వాళ్లు సైడ్ ప్రాజెక్టు అంటారట.

మా కోడలికీ ఒకటుంది. గుంటూరులో మా ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. ఐదేళ్లుగా ఏదో బ్యాంకు ప్రోగ్రాములో ఒక ముక్క. "మొత్తం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్లేదత్తయ్యా" అందోసారి.

పోయినేడు మావారి మిర్చి లెక్కల మీద పడింది. కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు పెట్టాం, అందులో తేజ ఎన్ని, తాలు ఎన్ని, యార్డులో అమ్మాక కమీషనూ హమాలీ పోను చేతికొచ్చిందెంత... ఆ చీటీలన్నీ ఆయన పంచాంగంలో దోపుతారు. వాటికోసం ఫోన్‌లో ఒక యాప్ చేసింది. మొదటిది ఆయన ముట్టుకోలేదు. ఇంగ్లీషు, పైగా చీమల్లాంటి అక్షరాలు! తెలుగులో పెద్దగా మార్చింది. టిక్కీ అంటే అన్నీ ఒకే బరువు అనుకుందిట పిచ్చిపిల్ల. ఆయన నవ్వి, ఒక్కో బస్తా తూకం ఎందుకు మారుతుందో గంటసేపు చెప్పారు. వాడే మనిషి ఎదురుగా కూర్చుని తప్పులు చెప్పడం ఆఫీసులో ఎప్పుడూ లేదట.

ఈమధ్య ఇంటర్వ్యూకి వెళితే, ఐదేళ్ల బ్యాంకు పని గురించి రెండు ప్రశ్నలే అడిగారట. మిగతా అంతా మిర్చే.

అసలు తిప్పలు టైముతోనే. మావాడు తలుపేసుకుంటే 'పనిలో ఉన్నాడు' అని ఇల్లంతా మెల్లగా నడుస్తుంది. అదే ఈ పిల్ల తలుపేసుకుంటే పిల్లాడికి ఆకలి, గ్యాస్ బండ, చుట్టాల ఫోన్లు. జీతం రాని పని కదా, ఎవరైనా లేపొచ్చు. ఆడపిల్లల సైడ్ ప్రాజెక్టులు సగంలో ఆగేది తెలివి చాలక కాదమ్మా. అందుకే ఆదివారం సాయంత్రం వంట మావాడికి అప్పజెప్పాను. ఉప్మా తప్ప రాదు. అదే తింటున్నాం.

"సెలవు రోజు కూడా కంప్యూటరేనా?" అని సాగదీసిన మా ఆడపడుచు మొన్న ఫోన్ చేసి, వాళ్ల పత్తి లెక్క కూడా అందులో ఎక్కించమంది.

"పత్తి సంగతి నాకు తెలీదు పెద్దత్తయ్యా. ఒక ఆదివారం వచ్చి కూర్చుని చెప్పండి" అంది మా కోడలు.