రికార్డు పుస్తకంలో అప్పు

సావనీరుకు ఏదన్నా రాసియ్యమని మా యూనియన్ కార్యదర్శి మూడుమార్లు గదికొచ్చినాడు. "సైన్సువానివి కదప్పా, చంద్రయానం మీద రాయి, లేకుంటే కాలుష్యం మీద రాయి" అని సలహా కూడా ఇచ్చినాడు. ఆ రెండూ ఏటేటా వస్తూనే ఉన్నాయి. నాకు రాయాలని ఉన్నది వేరొకటి. దానికి ఇంకొకరి అనుమతి కావలసి వచ్చింది. మొన్న ఆదివారం అది దొరికింది గనక రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మాది నందికొట్కూరు పక్కన పల్లె. కె.సి. కాలువ నీళ్ళు అందే పొలాలు వేరేవాళ్ళవి. మాది ఆరెకరాల మెట్ట. శనగ, జొన్న, వాన దయతలిస్తే రొంత పత్తి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం తీసుకున్నాను. పాఠం కంఠతా పట్టమంటే పట్టగలను గానీ బొమ్మ మాత్రం నాకు రాదు. పార పట్టిన చేతిలో హెచ్.బి. పెన్సిలు నిలవదు. మొదటి ఏడు నేను గీసిన ద్విదళబీజ కాండం అడ్డుకోత చూసి మా లెక్చరరుగారు "ఇదేం నాయనా, బండిచక్రమా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వినాను.

ఆ రాత్రి నా రికార్డు తీసుకొని రెండు గంటల్లో ఆ బొమ్మ మళ్ళీ వేసిచ్చినవాడొకడు ఉన్నాడు. పేరు రాయను. మా వాడు అంటాను. నీడ పూయకుండా చుక్కలు పెట్టి మాత్రమే లోతు చూపించాలని మా ప్రాక్టికల్సులో నియమం. అతను చుక్కలు పెడుతుంటే జీలకర్ర చల్లినట్టుండేది, ఒక్కటీ పక్కకు పోదు. ఈ సంగతి హాస్టలంతా తెలిసిపోయింది. పరీక్షల ముందు అతని మంచం మీద రికార్డులు మూటలకొద్దీ పడి ఉండేవి. కూలి ఏమిటంటే ఒక టీ. అదీ కొందరు ఇప్పించేవాళ్ళు కాదు. నా రెండేళ్ళ రికార్డుల్లో ముప్పై రెండు బొమ్మలు అతనివి. కింద సంతకం నాది, మార్కులూ నావే.

ఇప్పుడు కష్టమైన మాట రాయాలి. చేతులు తిప్పుతూ మాట్లాడతాడనీ, నడక మెత్తగా ఉంటుందనీ మా వాణ్ణి చాలామంది ఎగతాళి చేసేవాళ్ళు. మెస్సులో అతను పళ్ళెం పట్టుకొని వస్తుంటే ఎవడో ఒకడు సినిమాపాట ఎత్తుకునేవాడు. బల్లంతా గొల్లుమనేది. ఆ బల్ల దగ్గర నేనూ ఉన్నాను. నేను పాట ఎత్తలేదు, నవ్వినాను మాత్రం. ఈ ముక్క రాయకుండా మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

సంక్రాంతికి ఇంటికి పోయినవాడు మూడోనాటికే తిరిగొచ్చినాడు. హాస్టలు ఖాళీ. కళ్ళంలో పని ముగిసి నేనూ ముందే వచ్చేసినాను. మిద్దె మీద కూర్చుని అతను చెప్పినాడు. వాళ్ళన్న అతని ఫోను తీసి చూసినాడట. "నాకు ఆడపిల్లల మీద మనసు పోదురా. ఎప్పుడూ పోలేదు. మా నాయన గడప తొక్కొద్దన్నాడు." నేను తెలివితక్కువగా "డాక్టరుకు చూపిచ్చుకుంటే?" అన్నాను. అతను కోప్పడలేదు. "జంతుశాస్త్రం చదివినావు గదరా, రోగం యాడుందో నువ్వే చెప్పు" అన్నాడు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే నెలలోనే స్వలింగ ప్రేమను రోగాల జాబితాలోంచి తీసేసింది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న, అది నేరం కాదని 377వ సెక్షను మీద తీర్పు ఇచ్చింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను, మా బడిలో ఎవరూ ఆ మాటెత్తలేదు. సరే, చట్టం ప్రకారం మా వాడు నేరస్థుడు కాడు, వైద్యం ప్రకారం రోగీ కాడు. అయితే మెస్సు బిల్లు కట్టేది చట్టమూ కాదు, వైద్యమూ కాదు, ఇంటి దగ్గరున్న నాయన. ఆ డబ్బు ఆగిపోయింది. రెండు నెలల మెస్సు 4,800, పరీక్ష ఫీజు 1,150. బెంగుళూరు పోయి ఏదో ఒక పని చూసుకుంటానని మా వాడు పెట్టె సర్దుకున్నాడు.

ఫీజు గడువు పొడిగిస్తారేమో అడగడానికి నేను మా ఇంగ్లీషు మేడంగారి దగ్గరకు పోయినాను. ఎవరికో, ఎందుకో చెప్పలేదు. ఆమె నన్ను కాసేపు చూసి, "బొమ్మలు వేసే అబ్బాయికేనా?" అన్నారు. తర్వాత నేనెన్నడూ వినని కథలు చెప్పినారు.

న్యూయార్కులో ఒక వసతి గృహంలో కొట్టి వెళ్ళగొట్టిన 15 ఏళ్ళ కుర్రవాని సంగతి విని, ఎమరీ హెట్రిక్, డేమియన్ మార్టిన్ అనే ఇద్దరు 1979లో అలాంటి పిల్లల కోసమే ఒక సంస్థ పెట్టినారట. ఎనభైలలో ఎయిడ్స్ వచ్చి ఆ ఊళ్ళో స్వలింగ ప్రేమికులైన యువకులను పెద్ద సంఖ్యలో పొట్టన పెట్టుకుంది. కీత్ హేరింగ్ అనే చిత్రకారుడు భూగర్భ రైలు స్టేషన్లలో ప్రకటనలు లేని చోట అతికించిన నల్లకాగితాల మీద సుద్దముక్కతో బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్నాడు. తనకూ ఆ రోగం వచ్చిందని తెలిసినాక 1989లో ఒక ఫౌండేషను పెట్టి, పిల్లలకూ ఎయిడ్స్ బాధితులకూ పనిచేసే సంస్థలకు సాయం అందే ఏర్పాటు చేసినాడు. 1990లో 31 ఏళ్ళకే పోయినాడు. ఆయన బొమ్మల మీద వచ్చే డబ్బు ఆయన తర్వాత కూడా ఆ పనికి పోతూ వచ్చింది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకొకటి. అదే ఊళ్ళో 'విజువల్ ఎయిడ్స్' అనే కళాసంస్థ 1998లో ఒక అమ్మకం మొదలుపెట్టింది. చిత్రకారులు పోస్టుకార్డంత బొమ్మ వేసి ఉచితంగా ఇస్తారు. మహా పేరున్నవాడిదైనా, ఎవరికీ తెలియనివాడిదైనా అన్నిటికీ ఒకే ధర. వేసినవాని పేరు వెనకవైపు ఉంటుంది. కొని చేతికి తీసుకున్నాకే అది తెలిసేది. వింటూ ఉంటే నాకు మా మెస్సు బల్ల గుర్తొచ్చింది.

ఇదేదో దొరల వింత అనుకోవద్దు. కళను విరాళంగా ఇవ్వడం మన సీమకు కొత్తగాదు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ వృత్తికి వకీలు. నాటకాలు ఆడి ధర్మకార్యాలకు డబ్బు పోగుచేసిచ్చినాడని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇళ్ళు వెళ్ళగొట్టిన పిల్లలకు కళ దిక్కయిన కథా మన పొరుగునే ఉంది. బళ్ళారి జిల్లా మంజమ్మ జోగతి మగపిల్లవాడుగా పుట్టి, ఆడతనం బయటపడినాక ఇల్లు వదలవలసి వచ్చింది. బిచ్చమెత్తింది, చావబోయి బతికింది. దావణగెరె బస్టాండు దగ్గర తండ్రీకొడుకులు ఆడుతున్న జోగతి నృత్యం చూసి నేర్చుకుంది. 2021లో పద్మశ్రీ అందుకుంది. ఈ కథ చెప్పి మా వానికి ధైర్యం చెప్పబోయినాను. "బిందె నెత్తిన పెట్టుకొని పదిమందిలో ఆడే గుండె ఆమెది. నాకు బి.యస్సీ. పాసయితే చాలు సామీ" అన్నాడు.

కార్డుల సంగతి చెబితే మొదట ఒప్పుకోలేదు. "నా పేరు చెప్పి అడుక్కోవద్దు" అన్నాడు. చివరికి రెండు షరతులు పెట్టినాడు. డబ్బు ఎవరికో, ఎందుకో బయట చెప్పకూడదు. తనూ బొమ్మలు వేస్తాడు, అందరికన్నా ఎక్కువ.

డ్రాయింగు షీట్లు పోస్టుకార్డంత ముక్కలు కోసినాం. బొమ్మలు వేయగలిగినవాళ్ళు హాస్టల్లో తొమ్మిదిమంది తేలినారు. మా పక్కగది ఫిజిక్సువాడు కొండారెడ్డి బురుజు వేసినాడు, కొంచెం ఒరిగింది. అమ్మాయిల హాస్టలు నుంచి ముగ్గుల కార్డులు వచ్చినాయి. మా వాడు మందారం నిలువుకోత, సీతాకోకచిలుక రెక్క మీది పొలుసులు, తుంగభద్ర ఒడ్డున చాకిరేవు, ఇట్లా ఇరవైనాలుగు వేసినాడు. నేనూ ఒకటి వేసినాను. అది అమ్ముడుపోలేదని వేరే చెప్పనక్కరలేదు. ఫిబ్రవరిలో ఒక శనివారం రీడింగ్ రూములో పాత ల్యాబు తీగలకు బట్టల క్లిప్పులతో 93 కార్డులు వేలాడదీసినాం. కార్డు 50 రూపాయలు. బోర్డు మీద "ఒక విద్యార్థి పరీక్ష ఫీజు కోసం" అని మాత్రం రాసినాం.

మెస్సులో పాటలెత్తేవాడు కూడా వచ్చినాడు. వాడిది తుంగభద్ర ఒడ్డు పల్లె. చాకిరేవు కార్డు ముందు శానాసేపు నిలబడి, "ఇది మా ఊరి రేవు మాదిరే ఉంది" అని యాభై రూపాయలు ఇచ్చి క్లిప్పు తీసినాడు. వెనక్కి తిప్పి పేరు చూసినాడు. నా గుండె దడదడమంది. వాడేమీ అనలేదు, కార్డు చొక్కా జేబులో పెట్టుకొని పోయినాడు. డబ్బు వెనక్కి అడగలేదు. వాడు మారిపోయినాడని రాస్తే కథ బాగుంటుంది గానీ నాకు తెలిసింది అంతే. ఇంకొకడు మాత్రం పేరు చూసి కార్డు తిరిగిచ్చేసి ముగ్గు కార్డు తీసుకున్నాడు.

84 కార్డులు పోయినాయి. 4,200 వచ్చింది. తక్కువ పడినదానికి మెస్సు మేనేజరు నెల గడువిచ్చినాడు. మా వాడు పెట్టె విప్పినాడు.

అయినా నాకొక ముల్లు మిగిలిపోయింది. న్యూయార్కు వాళ్ళు ఎవరికోసమో బోర్డు మీద రాసే అమ్మినారు. మన దేశంలోనే, బరోడాలో లెక్కలు చూసుకుంటూ బొమ్మలేసిన భూపేన్ ఖఖ్ఖర్ 1981లో తండ్రీ, కొడుకూ, గాడిదా కథను పెట్టుకొని ఒక పెద్ద చిత్రం వేసి, 'అందరినీ మెప్పించలేం' అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. అందులో మేడ మీద నిలబడి చూసే నగ్న పురుషుడు తానేనన్నంత ధైర్యంగా వేసినాడు. మేమేమో ఫీజు అని గొణిగినాం. కారణం రాసి ఉంటే ఎన్ని కార్డులు పోయేవి? తొమ్మిదిమందిలో ఎంతమంది వేసిచ్చేవాళ్ళు? ఇప్పటికీ నాకు జవాబు తెలియదు. ఇంకోమాట, ఆ 4,200ను దానం అని ఎవరన్నా అంటే నాకు సిగ్గేస్తుంది. ముప్పై రెండు బొమ్మలకు కార్డు ధర కట్టినా నేనొక్కణ్ణే 1,600 బాకీ.

మా వాని శనగ మొక్క కార్డు నేను కొనుక్కొని ఉగాదికి ఇంటికి తీసుకపోయినాను. మా నాయనకు పౌరాణిక నాటకాలంటే ప్రాణం. పక్క ఊరాయన చంద్రమతి వేషం కడితే చీర కుచ్చిళ్ళతో సహా వర్ణించి చెబుతాడు. పద్యానికి చదివింపులు కూడా చదివించినాడు. ఆ వేషగానికి పెండ్లాం పిల్లలున్నారు, మా వాని సంగతి వేరు, అది నాకు తెలుసు. అయినా రాత్రి చదివింపులు ఇచ్చినవాళ్ళే తెల్లారి టీ అంగడి దగ్గర ఆయన నడకను వెక్కిరించడం చిన్నప్పుడు నేను చూసినాను. మా నాయన వెక్కిరించినాడా అంటే జ్ఞాపకం లేదు. జ్ఞాపకం లేనందుకు సంతోషం.

నాయన కార్డును కంటికి దగ్గరగా పెట్టుకొని చూసినాడు. "వేర్లకు బుడిపెలు కూడా వేసినాడే! శనగ పీకి చూసిన మనిషేరా వీడు" అన్నాడు. విత్తనాల కంపెనీ క్యాలెండరు పక్కన మేకు కొట్టి తగిలించినాడు. "ఎవరి పిల్లోడు? పండగకు పిల్చుకరాకపోతివి" అన్నాడు. "ఈసారి పిల్చుకొస్తా నాయనా" అన్నాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు.

ఇదంతా రాసి ఆదివారం మా వానికి ఇచ్చినాను. రెండు వాక్యాలు కొట్టేసి, మిగతాది వేసుకోమన్నాడు. తర్వాత "మీ నాయన చదువుతాడా?" అని అడిగినాడు. చదువుతాడు. మా నాయన ఏడో తరగతి దాకా చదువుకున్నాడు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా వదలడు. కాలేజీ సావనీరు వస్తే తెమ్మని ముందే చెప్పి పెట్టినాడు.