బంతి వెంట, బండ మీద



"అభిరుచి" అనే మాటను పట్టణాల్లో తేలికగా వాడతారు. ఉద్యోగానికి దరఖాస్తు రాసే యువకుడు కాగితం చివర ఆ మాట రాసి, దాని ఎదుట క్రికెట్ అనో, పాటలు వినడం అనో నింపుతాడు. మా జైనూరు వైపు ఆ మాటకు అంత చోటు లేదు. పత్తి ఏరే రోజుల్లో బడి పిల్లలు కూడా చేనులోనే కనిపిస్తారు. పని లేని పూట దొరికితే దాన్ని విశ్రాంతి అంటారే గాని అభిరుచి అనరు. అయినా మనిషి ఆడకుండా ఉండలేడు. వానాకాలంలో పొలాల అమావాస్య దాకా గోండు గూడేల్లో పిల్లలు వెదురు కర్రకాళ్ల మీద బురదలో నడుస్తారు. ఎండాకాలం సెలవుల్లో చిర్రగోనె ఆడతారు. చెట్టు కనిపిస్తే ఎక్కుతారు, గుట్ట కనిపిస్తే ఎవరు ముందు పైకి చేరతారని పందెం వేస్తారు.

ఇంత దూరపు మండలంలో ఉన్న మా ఇంటికి ఈ మధ్య రెండు కొత్త ఆటల ముచ్చట్లు వచ్చాయి. ఒకటి గోల్ఫ్, రెండవది రాక్ క్లైంబింగ్, అంటే తాడు కట్టుకుని నిటారు బండలు ఎక్కడం. మా సంఘంలోని ఒక యువకుడు హైదరాబాదులో ఒక గోల్ఫ్ మైదానంలో కాడీగా, అంటే ఆడేవారి కర్రల సంచి మోసే పనిలో ఉన్నాడు. మరో ఇంటి అమ్మాయి హాస్టల్‌లో ఉండి తొమ్మిదవ తరగతి చదువుతోంది. బండలు ఎక్కే శిక్షణకు ఆమెను ఎంపిక చేశారు. ఈ ఇద్దరి మాటలూ వింటూ, మా ఇంట్లో భార్యాభర్తలం మేము ఎన్నో సాయంత్రాలు ఈ రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూశాము. పైకి చూస్తే పొంతన లేని ఈ రెండింటిలో కుటుంబాలకు పనికివచ్చే సంగతులు కొన్ని కనిపించాయి. అవే ఇక్కడ పంచుకుంటున్నాము.

ముందు పోలికలు చూద్దాము. రెండూ మన పిల్లలు ఆడుకునే ఆటలకు దగ్గరి చుట్టాలే. గోనెతో చిర్రను కొట్టినట్టే గోల్ఫ్‌లో కర్రతో చిన్న బంతిని కొడతారు. ఆ బంతి బరువు 46 గ్రాములకు మించదు. దూరాన ఉన్న నాలుగంగుళాల పైచిలుకు వెడల్పు గుంటలోకి దాన్ని వీలైనంత తక్కువ దెబ్బలతో చేర్చాలి. అలాంటి గుంటలు పద్దెనిమిది. బండ ఎక్కడం సంగతి చెప్పనే అక్కర్లేదు. నడక వచ్చిన పిల్లవాడు చేసే మొదటి సాహసమే మంచమెక్కడం.

రెండింటిలోనూ ఎదుటివాడు మన చేతిలోని బంతిని లాక్కోడు, మన కాలికి అడ్డం రాడు. గోల్ఫ్‌లో ఎదురుగా ఉన్నది గాలి, గడ్డి, ఇసుక గుంట. బండ మీద ఉన్నది రాయి, దాని పగుళ్లు. ఓడినా గెలిచినా పోరు మనతో మనకే. అందుకే రెండింటిలోనూ కోపానికి చోటు లేదు. కోపంతో కొట్టిన బంతి పొదల్లోకి పోతుంది. కోపంతో చాచిన చేయి పట్టు తప్పుతుంది. తరువాతి అడుగు ఎక్కడ వేయాలో నిదానంగా చూసుకున్నవారే రెండింటిలోనూ రాణిస్తారు.

ఈ రెండూ ఒలింపిక్స్‌లోకి ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయి. 1904 తరువాత మానేసిన గోల్ఫ్ 2016లో రియోలో తిరిగి అడుగుపెట్టింది. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో బండలెక్కడం మొదటిసారి చేరింది. ఆ టోక్యోలోనే బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ గోల్ఫ్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. ఒకే ఒక్క దెబ్బ తేడాతో పతకం చేజారింది. ఆమె కర్రల సంచి మోసింది కన్నతల్లే. ఈ సంగతి చదివినప్పుడు మా ఇంట్లో కాసేపు మాట రాలేదు.

ఇక తేడాలకు వద్దాము. మొదటి తేడా భూమి. పద్దెనిమిది గుంటల గోల్ఫ్ మైదానానికి సుమారు 100 నుంచి 150 ఎకరాలు కావాలి. మా మండలంలో ఒక కుటుంబానికి అయిదెకరాలుంటే అది పెద్ద ఆధారం. ఆ లెక్కన ఒక మైదానం ఇరవై ముప్ఫై కుటుంబాల సేద్యమంత. గడ్డి పచ్చగా ఉండాలంటే ఎండాకాలంలోనూ నీరు పెట్టాలి. ఆడేవారికి సంచిలో పద్నాలుగు కర్రల వరకు ఉండవచ్చు. ఆ కర్రల వెల, క్లబ్బు సభ్యత్వం మన ఊహకు అందవు. మనదేశంలో ఈ ఆట ఇంగ్లీషువారితో వచ్చింది. కలకత్తాలో 1829లోనే క్లబ్బు వెలిసింది. నాటి నుంచి నేటి వరకు ఇది పెద్దింటి ఆటగానే పేరుపడింది.

అయితే సంచి మోసినవారు ఊరికే ఉండలేదు. కాడీగా బతుకు మొదలుపెట్టిన ఢిల్లీవాసి అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. వృత్తి ఆటగాళ్లలో ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. బెంగళూరులో కాడీగా పనిచేసిన మునియప్ప 2009లో అదే పోటీ గెలిచాడు. మా యువకుడు కూడా క్లబ్బు సెలవు రోజున పాత కర్రతో సాధన చేస్తాడట. "నెల జీతం కన్నా ఆ ఒక్క పూటే నాకు పండుగ, అయ్యగారూ" అన్నాడు.

బండకు గడ్డి అక్కర్లేదు, నీరు అక్కర్లేదు. అది ఎప్పటి నుంచో అక్కడే ఉంది. భువనగిరి కోట ఉన్న గుట్ట అంతా ఒకే రాయి, అయిదు వందల అడుగులకు పైగా ఎత్తు. ఎప్పుడో చాళుక్యుల కాలంలో దాని మీద కోట కట్టారు. మన కాలంలో దాని ఒడిలో బండలెక్కే శిక్షణ బడి నడిచింది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుతూ అక్కడే మొదటి అడుగులు వేశారు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్లల్లో అంత చిన్న వయసు వారు అంతకు ముందు లేరు. ఆమె తల్లిదండ్రులు కూలి పని చేసుకునేవారు. ఆ తలుపు తెరిచింది బడి. 1940లలో హైమెన్‌డార్ఫ్ మా మండలంలోని మార్లవాయిలో గోండు పిల్లల చదువుకు బాట వేసిన సంగతి తెలిసిన మాకు, బడి తెరిచే తలుపు ఎంత దూరం తీసుకుపోతుందో వేరుగా చెప్పనక్కర్లేదు.

బండ ఉచితమే గాని అది చిరకాలం ఉంటుందన్న భరోసా లేదు. హైదరాబాదు చుట్టూ ఎన్నో బండలు కంకరగా మారిపోయాయి. వాటిని కాపాడాలని 1996లో అక్కడ ఒక సొసైటీ ఏర్పడింది. మరో ముచ్చట ఏమంటే, గచ్చిబౌలి దగ్గర బండల నడుమనే ఒక గోల్ఫ్ మైదానం ఉంది. ఒకే నేల మీద రెండు రకాల మనుషులకు రెండు రకాల ఆనందాలు.

రెండవ తేడా మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. గోల్ఫ్‌లో మామూలుగా ప్రతి ఆటగాడి వెంట అంపైరు ఉండడు. ఎన్ని దెబ్బలు కొట్టాడో ఎవరికి వారే లెక్క చెప్పాలి. పొదల చాటున బంతిని కాలితో కొంచెం జరిపితే చూసేవారు లేరు. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే ఆటగాడు కర్ర ఆనించబోతుండగా బంతి రవ్వంత కదిలింది. ఎవరూ చూడలేదు. ఆయనే చెప్పి తన లెక్కలో ఒక దెబ్బ కలుపుకున్నాడు. చివరకు మరొకరితో సమానంగా నిలిచి, ఆ తరువాత ఆడిన నిర్ణయపు ఆటలో ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బ కలపకుంటే గెలుపు ఆయనదే. 1968లో మాస్టర్స్ పోటీలో రాబర్టో డి విసెంజో అనే అర్జెంటీనా ఆటగాడు మూడు దెబ్బలకే ఒక గుంట ముగించాడు. కాగితం మీద తోటి ఆటగాడు పొరపాటున నాలుగు వేశాడు. ఆయన చూసుకోకుండా సంతకం పెట్టాడు. సంతకమే నిలిచింది, ఒక దెబ్బ తేడాతో గెలిచే అవకాశం పోయింది. కొట్టిన దెబ్బకే కాదు, పెట్టిన సంతకానికి కూడా మనదే పూచీ.

మా యువకుడు చెప్పిన మాట కూడా ఉంది. "కొందరు పెద్దమనుషులు బంతి జరుపుతరు, అయ్యగారూ. మేం చూసీ చూడనట్టుండాలె." అలా చూసీ చూడనట్టుండే పిల్లవాడికి ఆ ఆట ఏమి నేర్పుతుందో అని మేము బాధపడ్డాము. మరునాడు అతనే మళ్లీ వచ్చి, "నేను ఆడినప్పుడు మాత్రం ఒక్కటి కూడ దాయను" అన్నాడు. మనసు కుదుటపడింది.

బండ మీద ఈ సమస్య వేరు. అక్కడ దాచడానికి ఏమీ లేదు. ఎక్కితే ఎక్కినట్టు, జారితే జారినట్టు. అక్కడ కావలసింది నమ్మకం. ఎక్కేవారి నడుముకు తాడు ఉంటుంది. దాని రెండవ కొసను కింద మరొకరు పట్టుకుంటారు. ఎక్కబోయే ముందు ఎనిమిది అంకెలా ఉండే ముడి వేసి, ఒకరి ముడి మరొకరు తడిమి చూస్తారు. ఇద్దరూ సరే అన్న తరువాతే మొదటి అడుగు. గోల్ఫ్ మనిషిని ఒంటరిగా నిలబెట్టి నిజం చెప్పమంటుంది. బండ ఇద్దరిని ఒకే తాడుకు కట్టి ఒకరినొకరు కాయమంటుంది. ఇంట్లో ఈ రెండూ కావాలి.

మూడవ తేడా, తప్పుకు చెల్లించే వెల. గోల్ఫ్‌లో తప్పు జరిగితే ఒక దెబ్బ పెరుగుతుంది, మహా అయితే పరువు పోతుంది. బండ మీద తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. నెల్లూరు జిల్లాలో పుట్టి, 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో కన్నుమూశాడు. అంత నేర్పరికే అలా జరిగింది. అందుకే గోల్ఫ్‌ను డెబ్బై ఏళ్ల తాతగారు కూడా కిలోమీటర్ల కొద్దీ నడుస్తూ ఆడుకుంటారు. బండకు మాత్రం వేళ్ల బలం, కాళ్ల పట్టు, అన్నిటికన్నా వెంట నిలిచే గురువు కావాలి.

ఈ మూడవ తేడా దగ్గరే ఆ అమ్మాయి తండ్రి ఆగిపోయాడు. శిక్షణకు పంపేందుకు సంతకం కావాలి. ఆయన కాగితం జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అయ్యగారూ, పిల్ల కిందపడితె ఎవలు జిమ్మేదారు? మొగపిల్లగాడైతె పంపుతుంటి" అన్నాడు. ఆ రెండు వాక్యాలూ వేర్వేరు అని మాకు అనిపించింది. మొదటిది తండ్రి భయం, దానికి జవాబు ఉండాలి. రెండవది ఊరి మాట, దానికి పూర్ణ ఎప్పుడో జవాబు చెప్పింది. మా ఇంటావిడ ఆయన చేత మొదటి ప్రశ్ననే నాలుగు ప్రశ్నలుగా రాయించింది. తాడు ఎవరు పట్టుకుంటారు? తలకు టోపీ ఇస్తారా? వెంట టీచరమ్మ ఉంటుందా? రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఆయన హాస్టల్‌కు స్వయంగా పోయి నాలుగూ అడిగాడు. జవాబులు నచ్చాయి. మూడవ రోజు సంతకం పెట్టాడు.

అమ్మాయి అయిదు రోజులు ఉండి వచ్చింది. మోకాళ్లు గీరుకుపోయాయి. మొదటి రోజు పదడుగులు కూడా ఎక్కలేదని నవ్వుతూ చెప్పింది. ఎక్కేటప్పుడు భయమేసిందా అని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది. "ఎక్కేటప్పుడు కొంచెమే, అమ్మగారూ. కింద నిలబడి వేరే పిల్ల తాడు పట్టినప్పుడే మస్తు భయమైంది. ఆమె పానం నా చేతుల్ల ఉండె."

తల్లిదండ్రులారా, ఆ మాట వయసుకు మించినది. సెల్‌ఫోను తెర మీద బంతి కొట్టినా, బండ ఎక్కినా ఆ బరువు చేతికి తెలియదు. మన పిల్లలకు గోల్ఫ్ కర్ర దొరకకపోవచ్చు, భువనగిరి బండ దూరం కావచ్చు. కాని వారి ఆటలో రెండు సంగతులు ఉన్నాయో లేవో మనం చూడవచ్చు. ఎవరూ చూడనప్పుడు లెక్క సరిగా చెబుతున్నారా? మరొకరి తాడు చేతికి వచ్చినప్పుడు గట్టిగా పట్టుకుంటున్నారా? చిర్రగోనె ఆడే వాకిట్లో కూడా ఇవి నేర్పవచ్చు. పిల్లవాడు ఆటకు పోతానన్నప్పుడు "వద్దు" అనే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబులు బాగుంటే సంతకం పెట్టండి. తిరిగి వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని వారు చెప్పేది వినండి.